పార్కు జాగ ఏ కాగితంలో ఉంది: హనుమకొండ శివారు లేఅవుట్ ఒకటి, దాని రికార్డుల వెతుకులాట

హనుమకొండ శివారులో రెండెకరాల ఇరవై గుంటల పాత లేఅవుట్ ఇది. వేసినప్పుడు ఊరు గ్రామ పంచాయతీ, ఇప్పుడు కార్పొరేషన్ పరిధి. పార్కుకని విడిచిన జాగ చుట్టూ కడీలు పాతి ముళ్లతీగ కట్టారు. కట్టినవాళ్ల దగ్గర రిజిస్టరైన సేల్ డీడ్ ఉంది. కాలనీవాళ్ల దగ్గర ఉన్నది 'ఇది పార్కు అని అందరికీ తెలుసు' అన్న మాట ఒక్కటే. ఆ మాటకు కాగితం ఎలా దొరికిందో ఇక్కడ రాస్తున్నాం. ఎవరినీ గుర్తుపట్టకుండా సర్వే నంబరు, ప్లాటు నంబర్లు వదిలేశాం.

ఇలాంటి కేసుల్లో చాలామంది మొదటిరోజే సమాచార హక్కు దరఖాస్తు పెడతారు. అది రావలసింది చివర్లో. ఎవరైనా అడిగి తీసుకోగల రికార్డు ముందుగా రిజిస్ట్రేషన్ ఆఫీసులో, తహసీల్ ఆఫీసులో ఉంటుంది. అక్కడ దొరికిన నంబర్లు, తేదీలు చేతిలో ఉంటేనే సమాచార హక్కు దరఖాస్తుకు పదును వస్తుంది. అవి లేకుండా పెట్టిన దరఖాస్తుకు 'లభ్యం కాదు' అన్న ఒక్క ముక్కతో జవాబు చెప్పడం ఏ ఆఫీసుకైనా తేలికే.

ముందు లెక్క, తర్వాత ఊరి పేరు

పహాణీలో (పట్టాదారు, సాగు వివరాలు ఏటేటా రాసే రెవెన్యూ రికార్డు) విస్తీర్ణం ఎకరాలు, గుంటల్లో ఉంటుంది. సేల్ డీడ్‌లో గజాల్లో, ప్లానులో అడుగుల్లోనో మీటర్లలోనో ఉంటుంది. ఈ మూడూ ఒకే జాగ గురించి చెబుతున్నాయో లేదో తేల్చుకోకుండా ముందుకు పోతే వేరే జాగ కాగితాలు తవ్వుతూ కూర్చుంటాం. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. రెండెకరాల ఇరవై గుంటలంటే వంద గుంటలు, అంటే 12,100 గజాలు. అందులో పదో వంతు పార్కుకు వదిలారనుకుంటే అది 1,210 గజాలు, సరిగ్గా పది గుంటలు. కంచె వేసిన జాగను టేపుతో కొలిస్తే ఇంచుమించు ఇంతే వచ్చింది. కంచె వేసినవాళ్ల డీడ్‌లోనూ 'పది గుంటలు' అనే రాసి ఉంది. ప్లాట్లు చేసిన చోట గుంటల్లో అమ్మకం కనబడితే, అమ్మినవాళ్లు లేఅవుట్ కాగితం పక్కనబెట్టి పహాణీ పట్టుకుని అమ్మారని అనుమానించాలి.

ఊరు, మండలం, జిల్లా పేర్లను ఏ ఏడాదికి ఆ ఏడాది రాసిపెట్టుకోవాలి. 2016 అక్టోబరు దాకా అంతా వరంగల్ జిల్లా. ఆ తర్వాత ఈ ప్రాంతం వరంగల్ అర్బన్, 2021 ఆగస్టు నుంచి హనుమకొండ జిల్లా. వరంగల్ రూరల్‌కు అప్పుడే వరంగల్ అన్న పేరు వచ్చింది. అందుకే 'వరంగల్ జిల్లా' ముద్ర ఉన్న ఫైలు ఏ ఏడాదిదో చూడకుండా దరఖాస్తు పెడితే అది పక్క జిల్లా కలెక్టరేట్‌కు వెళ్తుంది. పాత జిల్లా ఫైళ్లు విభజనలో ఏ ఆఫీసుకు చేరాయన్నది విడిగా అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇరుగుపొరుగు దస్తావేజుల్లో హద్దులు

కంచె వేసిన జాగ కాగితాల కన్నా దాని చుట్టూ ఉన్న ప్లాట్ల కాగితాలు ముందు చూడాలి. ప్రతి సేల్ డీడ్‌లో షెడ్యూలు (ఆస్తి వివరాలు రాసే భాగం) ఉంటుంది, షెడ్యూలులో నాలుగు హద్దులు ఉంటాయి. ఈ లేఅవుట్‌లో పార్కును ఆనుకుని ఉన్న ప్లాట్లవాళ్లను అడిగితే నాలుగు పాత డీడ్‌లు బయటికొచ్చాయి. మూడింటిలో ఒక హద్దు 'పార్కు కొరకు వదిలిన ఖాళీ స్థలము' అని ఉంది. నాలుగో దాంట్లో ఒట్టి 'ఖాళీ స్థలం' అనే ఉంది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే అమ్ముడుపోని ప్లాటును కూడా ఖాళీ స్థలమనే రాస్తారు. మూడు డీడ్‌లలో పాతది 1982 నాటిది. ఆ డీడ్ వెనకాల చేత్తో గీసిన లేఅవుట్ నమూనా, దాని మీద పంచాయతీ తీర్మానం నంబరు, తేదీ ఉన్నాయి. వెతుకులాట మొత్తానికి కొసదారం దొరికింది ఇక్కడే.

డీడ్ ఇంట్లో లేకపోయినా, బ్యాంకు తాకట్టులో ఉన్నా సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకాన్ని, దాని సూచికలను నిర్ణీత రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఆస్తి మీదే కానక్కర్లేదు. వీలునామాలుండే 3వ పుస్తకానికి, ఇతరత్రా దస్తావేజులుండే 4వ పుస్తకానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఈ సంగతి కౌంటర్ దగ్గర కూడా కొందరికి గుర్తుండదు. సెక్షన్ నంబరు రాసిన అర్జీ ఇస్తే వాదన అవసరం పడదు.

ఈసీలో రానంత మాత్రాన లేనట్టు కాదు

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల జాబితా) 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతకాలి. ఈ లేఅవుట్ 1981 నాటిది కాబట్టి, ఆన్‌లైన్ ఈసీలో పార్కు గురించి ఏమీ రాకపోవడం సహజమే. కంచె వేసినవాళ్లు చూపించింది కూడా ఆ ఆన్‌లైన్ ఈసీనే. అందులో వాళ్ల డీడ్ తప్ప ఇంకేమీ లేదు. అది చూసి కాలనీలో సగం మంది ఆశ వదులుకున్నారు. నిజానికి ఈసీ చెప్పేది చాలా తక్కువ. 'మీరిచ్చిన వివరాలతో, మీరిచ్చిన ఏళ్ల మధ్య, ఈ ఆఫీసు సూచికలో ఇవి కనిపించాయి' అని మాత్రమే. ప్లాటు నంబరుతో వెతికితే సర్వే నంబరుతో ఎక్కిన డీడ్‌లు రావు. సర్వే నంబరు పక్కన అక్షరం, బై నంబరు తేడా ఉన్నా రావు. సబ్ రిజిస్ట్రార్ పరిధి మారిన ఊళ్లయితే పాత ఆఫీసులో వేరుగా వెతకాలి.

1983కు ముందు కాలానికి రెండు సూచికలు చూడాలి. 2వ సూచిక ఆస్తి వివరాల మీద ఉంటుంది, 1వ సూచిక మనుషుల పేర్ల మీద. అందరూ ఆస్తి సూచిక చూసి తిరిగొస్తారు. ఈ కేసు తేలింది పేర్ల సూచికలో. లేఅవుట్ వేసినవాళ్లు పార్కు, రోడ్ల జాగను పంచాయతీకి రాసిచ్చి ఉంటే, పుచ్చుకున్నవారి పేరు పంచాయతీదో సర్పంచ్‌దో అయి ఉండాలి. తీర్మానం తేదీ, మొదటి ప్లాటు అమ్మకం తేదీ తెలుసు కాబట్టి ఆ రెంటికీ అటూ ఇటూ రెండేళ్లు చూస్తే చాలు. ముప్పై ఏళ్ల సూచిక తిరగేయమంటే ఏ ఆఫీసులోనైనా పని సాగదు, రెండేళ్లంటే సాగుతుంది. పంచాయతీ పేరిట ఏమీ లేదు. సర్పంచ్ హోదా రాసి ఉన్న ఒక ఎంట్రీ మాత్రం దొరికింది. దాని దస్తావేజు నంబరు పట్టుకుని 1వ పుస్తకంలో నుంచి సర్టిఫైడ్ కాపీ తీస్తే, అది రోడ్లనూ పది గుంటల ఖాళీ స్థలాన్నీ పంచాయతీకి అప్పగించిన గిఫ్ట్ డీడ్. షెడ్యూలులో సర్వే నంబరు రాయకుండా 'లేఅవుట్‌లో చూపిన' అని వదిలేశారు. ఆస్తి సూచికలో అది సర్వే నంబరు కింద ఎక్కకపోవడానికి కారణం అదే.

ఒకే జాగను రెండోసారి ఎలా అమ్మగలిగారు

దీనికి జవాబు తహసీల్ ఆఫీసులో దొరికింది. వరంగల్ చుట్టుపక్కల ఇలాంటి తగాదాలు చాలావాటికి మూలం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. అప్పట్లో ప్లాట్లు కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకుని ఊరుకున్నారు. రెవెన్యూ రికార్డులో ముటేషన్ (పేరు మార్పు) ఎవరూ అడగలేదు. పంచాయతీ కూడా తనకు వచ్చిన పది గుంటలను పహాణీలో తీసేయించలేదు. దాంతో పహాణీలో ఆ సర్వే నంబరు మొత్తం పట్టాదారు పేరు మీదే, సాగుభూమిగానే ఏటేటా నకలవుతూ వచ్చింది. పట్టాదారు పోయాక వారసుల పేర్లు ఎక్కాయి. ఇళ్లు, రోడ్లు ఉన్న తొంభై గుంటలు అమ్మడానికి వీల్లేదు. ఖాళీగా కనబడుతున్న పది గుంటలకు మాత్రం కాగితం మీద వాళ్లే హక్కుదారులు. పాస్ పుస్తకం ఉంది, జాగ ఖాళీగా ఉంది, కొనేవాడు దొరికాడు.

ఇది రుజువు చేయడానికి పహాణీలు వరుసగా కావాలి. మధ్యలో ఒక్క ఏడాది తెచ్చుకుంటే సరిపోదు. 1954-55 ఖాస్రా పహాణీ, 1955-58 చెసలా పహాణీ, ఆ తర్వాత లేఅవుట్‌కు ముందు ఏడాది, లేఅవుట్ ఏడాది, వారసుల పేర్లు ఎక్కిన ఏడాది, 2020లో ధరణి (ఆన్‌లైన్ భూరికార్డు) వచ్చే ముందు ఏడాది తీసుకున్నారు. పాత పహాణీల మీద ఫసలీ ఏడాది (పాత రెవెన్యూ లెక్కల ఏడాది) ఉంటే దానికి 590 కలపాలి. 1364 ఫసలీ అంటే 1954-55. ఆ సర్వే నంబరు అసలు విస్తీర్ణం సేత్వార్ అనే మూల రిజిస్టర్‌లో, కొలతలు టిప్పన్ అనే సర్వే పటంలో ఉంటాయి. టిప్పన్ కోసం తహసీల్ ఆఫీసు కాకుండా సర్వే, భూరికార్డుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసుకు వెళ్లాలి. నిజాం కాలపు రికార్డు ఉర్దూలో ఉంటుంది. నకలు తీసుకున్నాక చదివించుకోవచ్చులే అనుకోకూడదు. ఉర్దూ చదవగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లి, ఆ పుటలో మన సర్వే నంబరు ఉందని చూశాకే నకలుకు రుసుము కట్టాలి.

దరఖాస్తులో ఏం రాశారు

ఇప్పుడు సమాచార హక్కు వంతు. కాలనీవాళ్లు ముందే ఒక దరఖాస్తు పెట్టి ఉన్నారు. అందులో ఇలా ఉంది: 'మా పార్కు స్థలాన్ని కబ్జా చేశారు. దీనిపై ఎందుకు చర్యలు తీసుకోలేదో తెలుపగలరు.' 2005 చట్టం కింద రికార్డులో ఉన్నదే ఇస్తారు. 'ఎందుకు' అన్నదానికి రికార్డులో జవాబు లేకపోతే కొత్తగా రాసి ఇవ్వాల్సిన బాధ్యత అధికారికి లేదు. సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్‌ఈ కేసులో ఈ విషయం స్పష్టం చేసింది. ఆ దరఖాస్తుకు జవాబుగా 'పరిశీలనలో ఉంది' అన్న ఒక్క వాక్యం వచ్చింది.

రెండో దరఖాస్తు ఇలా తయారైంది:

'1. ఫలానా గ్రామ పంచాయతీ కార్పొరేషన్‌లో కలిసినప్పుడు ఆ పంచాయతీ నుంచి అందుకున్న రికార్డుల అప్పగింత జాబితా, ధృవీకరించిన నకలు.
2. ఆ పంచాయతీ 1980 నుంచి 1983 వరకు తీర్మానాల పుస్తకం, సెక్షన్ 2(జె) కింద తనిఖీ.
3. ఆ పంచాయతీ ఆస్తుల రిజిస్టర్‌లో ఖాళీ స్థలాలు నమోదైన పుటలు, ధృవీకరించిన నకలు.
4. ఫలానా సర్వే నంబరులో 2015 నుంచి నేటి వరకు ఇచ్చిన నిర్మాణ అనుమతులు, ఖాళీ స్థలం పన్ను మదింపులు, లేఅవుట్ క్రమబద్ధీకరణ దరఖాస్తులు: నంబరు, తేదీ, విస్తీర్ణం, ప్రస్తుత స్థితి మాత్రమే.'

మొదటి అంశం మిగతా మూడింటికీ తాళంచెవి. అప్పగింత జాబితాలో తీర్మానాల పుస్తకం పేరు ఉంటే, ఆ తర్వాత 'మా దగ్గర లేదు' అనడం కష్టం. జాబితాలో లేకపోతే జిల్లా పంచాయతీ అధికారి ఆఫీసులో అడగాలని తేలిపోతుంది. నాలుగో అంశంలో పేర్లు అడగలేదు. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని 8(1)(జె) చూపించి మొత్తం తోసిపుచ్చుతారు. మనకు కావలసింది ఆ జాగ మీద ఎవరైనా అనుమతి తెచ్చుకుంటున్నారా, పన్ను రసీదులతో హక్కు పుట్టించుకుంటున్నారా అన్నది. దానికి నంబరు, తేదీ, గజాలు చాలు. 2020 క్రమబద్ధీకరణ పథకంలో డీడ్ రిజిస్టరై ఉండాల్సిన గడువు తేదీ ఆ ఏడాది ఆగస్టు 26. కంచె వేసినవాళ్ల డీడ్ అంతకన్నా తర్వాతిది కాబట్టి, వాళ్ల పేరిట దరఖాస్తు ఏదైనా ఉంటే అది ఏ కాగితం ఆధారంగా పెట్టారో నిలదీయొచ్చు.

పార్కు ప్లాను కోసం కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీలో కూడా అడగాలని కాలనీవాళ్లు పట్టుబట్టారు. అడగడంలో తప్పులేదు కానీ, నమూనా మీద ఎల్‌పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు లేదు, పంచాయతీ తీర్మానం నంబరే ఉంది. ఎల్‌పీ నంబరు లేని లేఅవుట్ ఫైలు అక్కడ ఉండే అవకాశం తక్కువ. ఎల్‌పీ నంబరు ఉన్న లేఅవుట్ అయితే మాత్రం మొదటి దరఖాస్తు అక్కడికే వెళ్లాలి, వెతుకులాట సగం తగ్గిపోతుంది.

రుసుము సంగతి. గ్రామస్థాయి ఆఫీసుకు ఏమీ లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై ఆఫీసులకు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా లేదు. తెల్లకార్డు నకలు జతచేస్తే చాలు. పోస్టల్ ఆర్డర్ ఎవరి పేరిట తీయాలో ఆ ఆఫీసులో ముందే అడగాలి, పేరు తేడా వస్తే దరఖాస్తు తిరిగొస్తుంది. దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు. చేతితో ఇస్తే ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర, తేదీ రెండో ప్రతి మీద వేయించుకోవాలి. 30 రోజుల గడువు మొదలయ్యేది ఆ తేదీ నుంచే. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. డబ్బు కట్టమని ఉత్తరం పంపిన రోజు నుంచి మనం కట్టే రోజు వరకు ఆ 30 రోజుల్లో లెక్కకు రాదు. కాబట్టి ఉత్తరం అందగానే కట్టేయాలి. గడువు దాటాక ఇస్తే నకళ్లు ఉచితం.

'లభ్యం కాదు' వచ్చాక

ఒక ఆఫీసు నుంచి తీర్మానాల పుస్తకం 'లభ్యం కాదు' అని జవాబు వచ్చింది. ఇక్కడే చాలా కేసులు ఆగిపోతాయి, ఆగకూడదు. సమాచారం ఇవ్వకపోవడానికి 8, 9 సెక్షన్లలో చెప్పిన కారణాలే చెల్లుతాయి. వాటిలో 'ఫైలు దొరకలేదు' అన్నది లేదు. రికార్డు కనిపించకుండా పోతే విచారణ జరిపి బాధ్యత తేల్చాలని ఢిల్లీ హైకోర్టు 2013లో చెప్పింది. మొదటి అప్పీలును 30 రోజుల్లోగా అదే ఆఫీసులోని పై అధికారికి పెట్టారు. అందులో గొడవేమీ లేదు, మూడు కాగితాలు అడిగారు: అప్పగింత జాబితాలో ఆ పుస్తకం వరుస నంబరు, దాన్ని ఎవరికి ఎప్పుడు ఇచ్చారో చూపే రిజిస్టర్ పుట, ధ్వంసం చేసి ఉంటే ధ్వంసం ఉత్తర్వు. ఈ మూడింట్లో ఏదీ చూపలేకపోతే పుస్తకం ఉన్నట్టే లెక్క. వెతికితే రికార్డు రూములో వేరే ఊరి కట్టలో దొరికింది. పంచాయతీలు కలిసినప్పుడు పుస్తకాలను ఊరి పేరు మీద కాకుండా వచ్చిన వరుసలో కట్టలు కట్టడం మామూలే కాబట్టి, పక్క ఊళ్ల కట్టలు కూడా చూడమని రాతపూర్వకంగా అడగడం మంచిది.

మొదటి అప్పీలు మీద 30 రోజుల్లో, ఆలస్యమైతే కారణం రాసి 45 రోజుల్లో తేల్చాలి. తేలకపోతే రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు 90 రోజుల్లోగా పెట్టాలి. అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. అయినా జాగ మీద గోడ లేస్తున్నప్పుడు రెండో అప్పీలు మీద ఆధారపడకూడదు. అది పెట్టి, దాని పాటికి దాన్ని నడవనిచ్చి, ఈలోగా రిజిస్ట్రేషన్, రెవెన్యూ కాగితాలతో ముందుకు పోవాలి.

తనిఖీకి కూర్చున్నప్పుడు

నకళ్ల కన్నా తనిఖీ మేలు. ఏ పుట కావాలో ఆఫీసువాళ్లు ఎంచి ఇచ్చేది వేరు, మనం చూసి ఎంచుకునేది వేరు. మొదటి గంటకు రుసుము లేదు, ఆ తర్వాత ప్రతి పావుగంటకు 5 రూపాయలు. తీర్మానాల పుస్తకం ముందేసుకుని నేరుగా మన తేదీకి పోకూడదు. మొదట పుటల నంబర్లు వరుసగా ఉన్నాయా, మధ్యలో చిరిగాయా చూడాలి. తర్వాత ఆ తీర్మానానికి ముందు, వెనక సమావేశాలు కూడా చదవాలి. ఈ పుస్తకంలో లేఅవుట్ ఆమోదం ఒక సమావేశంలో, పార్కు జాగ స్వాధీనం మరో రెండు సమావేశాల తర్వాత ఉంది. ఆమోదం పుట ఒక్కటే అడిగి ఉంటే, స్వాధీనం చేసుకున్నట్టు చెప్పే పుట చేతికొచ్చేది కాదు. కావలసిన పుటల నంబర్లు రాసుకుని, అక్కడికక్కడే జాబితా ఇచ్చి, సంతకం, ముద్రతో ధృవీకరించిన నకళ్లు అడగాలి. ఫోనులో తీసుకున్న ఫోటో మనం చదువుకోవడానికి పనికొస్తుంది, కోర్టులో దానికి నకలు బలం ఉండదు.

కట్ట కట్టి ఇచ్చిన తీరు

కార్పొరేషన్ కమిషనర్‌కు ఇచ్చిన అర్జీ ఒకటిన్నర పేజీ. దాని వెనక కాగితాలు తేదీల వరుసలో పెట్టారు: లేఅవుట్‌కు ముందు పహాణీ, పంచాయతీ తీర్మానం, గిఫ్ట్ డీడ్ సర్టిఫైడ్ కాపీ, పార్కును హద్దుగా చూపిన మూడు సేల్ డీడ్‌లు, స్వాధీనం తీర్మానం, వారసుల పేర్లు ఎక్కిన పహాణీ, చివరికి కంచె వేసినవాళ్ల డీడ్. ఈ వరుసలో చదివితే వారసులు అమ్మేనాటికి అమ్మడానికి వాళ్లకేమీ మిగల్లేదని వేరే చెప్పక్కర్లేదు. పార్కు జాగను నర్సింగ్ హోమ్‌కు కేటాయించడాన్ని సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు కేసులో కొట్టేసిన సంగతి ఒక్క వాక్యంలో చేర్చారు. అదే కట్ట ఒకటి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకున్నారు.

కంచె తీయించడం ఒక్కటే అడిగితే పని సగమే అవుతుంది. అర్జీలో ఇంకో నాలుగు కోరారు. ఆ జాగకు సర్వేయర్‌తో హద్దులు పెట్టించాలి. కార్పొరేషన్ ఆస్తుల రిజిస్టర్‌లో గిఫ్ట్ డీడ్ నంబరుతో సహా ఎక్కించాలి. మళ్లీ రిజిస్ట్రేషన్ జరగకుండా రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో చేర్చమని సబ్ రిజిస్ట్రార్‌కు రాయాలి. ధరణి స్థానంలో వచ్చిన భూభారతి రికార్డులో ఆ సర్వే నంబరు ఇంకా సాగుభూమిగా ఉన్న విస్తీర్ణాన్ని సరిచేయమని తహసీల్దార్‌కు రాయాలి. మూడోది అన్నిటికన్నా తొందరది, ఎందుకంటే ఈలోగా కంచె వేసినవాళ్లు ఇంకొకరికి అమ్మితే తగాదాలోకి మూడో మనిషి వస్తాడు. కార్పొరేషన్ రాసిన ఉత్తరాల నకళ్లు, ఆస్తుల రిజిస్టర్‌లో కొత్త ఎంట్రీ పుట నకలు కాలనీ సంఘం తీసుకుని పెట్టుకోవాలి. పేరుతో కాకుండా సర్వే నంబరుతో ఆరు నెలలకోసారి ఈసీ చూస్తూ ఉండాలి.